కేడీఈ ప్లాస్మా 6: తెలుగు అక్షరానికి ఎంతవరకు పనికొస్తుంది?

ప్రూఫులు దిద్దడం నా పని. రోజంతా తెర మీద తెలుగే చూస్తుంటాను. ‘అర్థం’ అని ఉందా, ‘అర్ధం’ అని ఉందా అన్నది ర కింద ఒత్తులో చుక్క కనబడితేనే తేలుతుంది. అందుకే డెస్క్‌టాప్ ఎలా ఉండాలి అంటే నేను ముందు అక్షరం చూస్తాను, వాల్‌పేపర్ తర్వాత. డెబియన్ 13 అనే లినక్స్ వేసుకున్నప్పటి నుంచి అందులో వచ్చే, కేడీఈ బృందం తయారుచేసిన ప్లాస్మా 6.3 డెస్క్‌టాప్ వాడుతున్నాను. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు లాప్‌టాప్ మీద హాయిగా నడుస్తోంది.

ప్లాస్మాలో నాకు బాగా నచ్చింది, దాదాపు ప్రతి మార్పూ మౌస్‌తోనే అయిపోవడం. డెస్క్‌టాప్ మీద రైట్‌క్లిక్ చేసి ఎడిట్ మోడ్‌లోకి వెళితే ప్యానెల్‌ని (తెర కింద ఉండే పట్టీని) ఏ అంచుకైనా జరపొచ్చు, ఎత్తు పెంచొచ్చు, తేలుతున్నట్టు కాకుండా అంచుకి ఆనించొచ్చు. తెరిచిన విండోలు చూపించే టాస్క్ మేనేజర్‌లో మామూలుగా ఐకాన్లు మాత్రమే కనిపిస్తాయి. ఒకే పుస్తకంలోని ఆరేడు అధ్యాయాలు లిబ్రే ఆఫీస్‌లో తెరిచి పెట్టుకునే నాకు అది కుదరదు, ఏది ఏ అధ్యాయమో తెలియదు. ఆ టాస్క్ మేనేజర్ మీద రైట్‌క్లిక్ చేస్తే ప్రత్యామ్నాయాలు చూపిస్తుంది. అందులో పేర్లతో ఉన్నది ఎంచుకున్నాను. ప్యానెల్ ఎత్తు కాస్త పెంచితే ఫైళ్ల తెలుగు పేర్లు ఒత్తులతో సహా స్పష్టంగా కనబడుతున్నాయి. ఘనంలా తిరిగే డెస్క్‌టాప్, జెల్లీలా ఊగే విండోలు కూడా ఉన్నాయి. చూడ్డానికి సరదాగా ఉంటాయి కానీ నేను ఆపేశాను.

ఇక అసలు సంగతి, ఫాంట్లు. సెట్టింగ్స్‌లో ఫాంట్ల పేజీకి వెళితే నోటో సాన్స్ 10 పాయింట్ ఉంటుంది. ఆ సైజు ఇంగ్లీషుకి సరిపోతుంది. తెలుగులో మాత్రం ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటల్లో కింద ఒత్తులు నలిగి ఒక ముద్దలా కనిపిస్తాయి. నేను 12కి పెంచి, స్క్రీన్ స్కేలింగ్ 125 శాతం పెట్టాను. తెర మీద బొమ్మ గీసే కొత్త పద్ధతి వేలాండ్ ప్లాస్మా 6లో డిఫాల్ట్ కాబట్టి ఇలా పెంచినా అక్షరం మసకబారలేదు. దానికి ముందున్న పాత పద్ధతి ఎక్స్11తో ఈ విషయంలో చాలా విసిగిపోయాను.

కానీ ఆ పేజీలో మీరు ఎంచుకునేది ఇంగ్లీషు ఫాంట్. అందులో తెలుగు అక్షరాలు లేకపోతే, ఏ తెలుగు ఫాంట్ తీసుకోవాలో ఫాంట్‌కాన్ఫిగ్ అనే వేరే ఏర్పాటు నిర్ణయిస్తుంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ఒక ప్యాకేజీగా దొరుకుతాయి. సన్నం, లావు గీతలతో పోతన చేతిరాత కళ ఉన్న ఫాంట్. పుస్తకం చదవడానికి ఎంత బాగుంటుందో మెనూల్లో అంత ఇరుకుగా అనిపిస్తుంది. మెనూలకి, ఫైళ్ల పేర్లకి ఒకే మందం గీత ఉన్న నోటో సాన్స్ తెలుగే మేలు. నాకిష్టమైనది ముందుకి రావాలంటే హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉన్న కాన్ఫిగ్ ఫోల్డర్‌లో చేత్తో ఒక ఫైలు రాయాల్సి వచ్చింది.

రంగుల విషయానికొస్తే, పగలు బ్రీజ్ లైట్ అనే లేత రంగుల థీమ్ వాడతాను. నల్లటి నేపథ్యం మీద తెల్లటి తెలుగు అక్షరాలు ఎక్కువసేపు చదివితే గీతలు పాకినట్టు ఉండి కళ్లు లాగుతాయి. వేళని బట్టి లైట్, డార్క్ వాటంతట అవే మారే సౌకర్యం 6.5లో వచ్చింది, నా 6.3లో లేదు. బయటివాళ్లు పెట్టిన గ్లోబల్ థీములు (డెస్క్‌టాప్ రూపమంతా ఒకేసారి మార్చేవి) దించుకునేటప్పుడు మాత్రం దయచేసి జాగ్రత్త. వాటిలో రంగులే కాదు, నడిచే కోడ్ కూడా ఉండొచ్చు. 2024 మార్చిలో ఇలాంటి ఒక థీమ్ వేసుకున్న ఒకరి ఫైళ్లు మొత్తం పోయాయి, కేడీఈ వాళ్లే హెచ్చరిక చెప్పాల్సి వచ్చింది. పని ఫైళ్లున్న కంప్యూటర్‌లో ఐకాన్లు, రంగులు, కర్సర్ విడివిడిగా మార్చుకోవడమే మంచిది. నేను పాపిరస్ ఐకాన్లు డెబియన్ ప్యాకేజీ నుంచే వేసుకున్నాను.

ఒక లోటు ఇంకా బాధిస్తోంది. 1996లో మథియాస్ ఎట్రిష్ కేడీఈ మొదలుపెట్టిందే అప్లికేషన్లన్నీ ఒకే తీరుగా కనబడాలని. గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్ కోసం కొత్తగా తయారైన యాప్‌లు ఇప్పటికీ ప్లాస్మా థీమ్‌ని లెక్క చేయవు. బటన్లు ఒక రకం, టైటిల్ బార్ ఇంకో రకం. దీనికి పరిష్కారం ఒక్క కేడీఈ చేతిలో లేదు.

వాళ్ల చేతిలో ఉన్నది ఇంకొకటుంది. ఫాంట్ల పేజీలోనే ‘తెలుగుకి ఏ ఫాంట్’ అని అడిగే చిన్న పెట్టె ఒకటి పెట్టాలి. ప్యానెల్ నీడ దగ్గర్నుంచి గడియారం అక్షరాల దాకా ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లకి అది అసాధ్యం కాదు. అప్పటిదాకా నేను రాసుకున్న ఫాంట్ ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచుకున్నాను. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే వేరే డెస్క్‌టాప్ వాడే మిత్రుల కంప్యూటర్లలోనూ అదే ఫైలు పనిచేస్తోంది.