10 వాట్ల యాంప్లిఫయర్: ఓఎఫ్‌డీఎంకి ఎంతవరకు పనికొస్తుంది?

కూకట్‌పల్లిలోని మా చిన్న ల్యాబ్‌లో ఈ క్లాస్ ఏబీ పవర్ యాంప్లిఫయర్‌ని వాడబట్టి రెండేళ్లు దాటింది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ది. లేబుల్ మీద 10 వాట్లు, అంటే 40 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే లెక్క) అని ఉంది. ఒకే టోన్ పంపితే ఆ మాట నిజమే, సరిగ్గా అక్కడే గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క, 1 డీబీ పడిపోతుంది. కానీ మేం పంపేది ఓఎఫ్‌డీఎం సిగ్నల్, అంటే డేటాని సబ్‌క్యారియర్లనే చాలా చిన్న తరంగాల మీద పంచి ఒకేసారి పంపేది. దానికి ఈ లెక్క సరిపోదు.

802.11జీ వైఫై సిగ్నల్‌లో 52 సబ్‌క్యారియర్లు ఉంటాయి. మామూలుగా దేని ఫేజ్ (తరంగం ఎగసే, పడే వేళ) దానిదే. అప్పుడప్పుడు చాలావాటి ఫేజ్‌లు ఒక్కసారిగా కలుస్తాయి, బోనాల ఊరేగింపులో డప్పులన్నీ ఒకే దెబ్బ మీద పడ్డట్టు. ఆ క్షణంలో పవర్ సగటుకి పది రెట్ల దాకా లేస్తుంది. యాంప్లిఫయర్ అంత ఎత్తుకి వెళ్లలేక శిఖరాన్ని నొక్కేస్తుంది, ఫేజ్‌ని కూడా కాస్త పక్కకు జరుపుతుంది.

స్పెక్ట్రమ్ అనలైజర్‌లో చూస్తే సిగ్నల్‌కి రెండు వైపులా భుజాలు లేచినట్టు కనిపిస్తాయి. 2400, 2401 మెగాహెర్ట్జ్‌లలో రెండు టోన్లు పంపి చూడండి, 2399లోనూ 2402లోనూ కొత్తవి పుడతాయి. ఇన్‌పుట్ 1 డీబీ పెంచితే ఇవి 3 డీబీ చొప్పున పెరుగుతాయి. హార్మోనిక్స్ (రెట్టింపు, మూడింతల ఫ్రీక్వెన్సీల్లో వచ్చేవి) దూరంగా పడతాయి కాబట్టి ఫిల్టర్‌తో తీసేయొచ్చు. ఈ కొత్త టోన్లు మాత్రం సిగ్నల్‌ని ఆనుకునే ఉంటాయి, పక్క ఛానల్‌లోకి పాకుతాయి. మన బ్యాండ్ లోపలే పడేవాటిని అసలు ఏ ఫిల్టరూ తీయలేదు. కాన్‌స్టలేషన్‌లో, అంటే ఒక్కో డేటా విలువని ఒక్కో చుక్కగా చూపే పటంలో, చుక్కలు అలుక్కుపోతాయి, ఈవీఎం (చుక్కలు ఉండాల్సిన చోటు నుంచి ఎంత జరిగాయో చెప్పే శాతం) చెడిపోతుంది. ఎల్‌టీఈ (4జీ) బేస్ స్టేషన్‌కి 64 క్యామ్‌లో, అంటే 64 చుక్కల పద్ధతిలో, 8 శాతం దాకా అనుమతి ఉంది, 256 క్యామ్‌లో 3.5 శాతమే. అంత శుభ్రత కావాలంటే ఈ యాంప్లిఫయర్‌ని సగటున 31 డీబీఎం దగ్గర ఆపాల్సిందే. అంటే చేతికొచ్చేది వాటున్నర కూడా కాదు! సప్లై నుంచి తీసుకునే పవర్‌లో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది.

వేడి సంగతి గట్టిగానే చెప్పాలి. దీంతో వచ్చిన హీట్‌సింక్ మన మే నెలకి చాలదు. కోఠి గుజరాతీ గల్లీలో పెద్ద హీట్‌సింక్, ఫ్యాన్ కొని బిగించాక గెయిన్ నిలకడగా ఉంటోంది. అంతకుముందు పొద్దున తీసిన రీడింగ్‌కీ మధ్యాహ్నం రీడింగ్‌కీ పొంతన ఉండేది కాదు.

డిజిటల్ ప్రీడిస్టార్షన్ పెడితే బాగా లొంగుతుంది, నాకు దీంట్లో అన్నిటికన్నా నచ్చింది అదే. సిగ్నల్‌ని ముందే ఎదురు దిశలో వంచి పంపితే భుజాలు చాలావరకు దిగిపోతాయి, ఇంకో రెండు మూడు డీబీలు నిశ్చింతగా వాడుకోవచ్చు. అయితే సిగ్నల్ వెడల్పు పెరిగేకొద్దీ మెమరీ ఎఫెక్ట్ (ముందటి సిగ్నల్ ప్రభావం ఇప్పటి అవుట్‌పుట్ మీద పడటం) బయటపడుతుంది, ఏ ఇన్‌పుట్‌కి ఎంత వంచాలో చెప్పే మామూలు పట్టిక చాలదు, పాత శాంపిళ్లని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పైగా నొక్కుకుపోయే శిఖరాన్ని ప్రీడిస్టార్షన్ కూడా కాపాడలేదు.

ల్యాబ్ పనికి, విద్యార్థుల ప్రాజెక్టులకి నిస్సంకోచంగా కొనమంటాను, 10 వాట్లదిగా కాదు, వాటున్నర లోపుదిగా లెక్కేసుకుని. అవుట్‌పుట్‌కి తగిన వాటేజి ఉన్న అటెన్యుయేటర్ (పవర్‌ని తగ్గించే భాగం) పెట్టాకే అనలైజర్‌కి కలపండి.