డబ్బా నిండుగానే ఉంది: పన్నెండేళ్ల కారు మీద ఒక ఫిర్యాదు

పన్నెండేళ్లుగా నడుపుతున్న కారు మీద నాకు ఒక్కటే కోపం మిగిలింది. బోనెట్ ఎత్తితే ఒక మూలన బుద్ధిమంతుడిలా కూర్చుని కనిపించే కూలెంట్ (ఇంజన్‌ను చల్లార్చే ద్రవం) డబ్బా మీద. మైలేజీ, డిక్కీ, సీట్ల సంగతి ఇక్కడ రాయను. 2013లో కొన్న చిన్న పెట్రోల్ కారు ఇది, మీ వీధిలోనే ఇలాంటివి నాలుగైనా ఉంటాయి. నాది ఇప్పటికి 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. రోజూ శ్రీకాకుళం నుంచి ఎచ్చెర్ల వెళ్లి రావడం, పండగలకీ పెళ్లిళ్లకీ ఊళ్లు తిరగడం, అంతే దాని పని.

ముందు మంచి మాట చెప్పేస్తాను. ఈ కారులో ఆయిల్ కడ్డీ అంత నిజాయితీ గల వస్తువు ఇంకొకటి లేదు. దానికి వైరు లేదు, సెన్సరు లేదు, పాడవడానికి ఏమీ లేదు. ఆదివారం పొద్దున్నే, కారు కదపకముందే, పాత లుంగీ గుడ్డతో తుడిచి ముంచి చూడటం నాకు పేపరు చదవడంలాంటి అలవాటు. డాష్‌బోర్డులో ఉండే ఎర్ర ఆయిల్ లైటును నమ్ముకుని ఈ పని మానేసినవాళ్లు మా ఆఫీసులోనే ముగ్గురున్నారు. ఆ లైటు ఆయిల్ ఎంత ఉందో చెప్పదు. ప్రెషర్ పడిపోయాక వెలుగుతుంది. అది వెలిగేసరికి చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఎనభై వేలు దాటాక కూడా ‘నా బండి ఆయిల్ తాగదు’ అని అందరితో అనేవాణ్ని. ఈ మాటను కొంచెం సవరించుకోవాలి. మా ఇంటి ముందు నేల రోడ్డు కాలువ వైపు వాలుగా ఉంటుంది. కారు ముక్కు కాలువ వైపు పెడతాను. ఆయిల్ అంతా ముందుకు జారి కడ్డీ మీద ఎక్కువ కనిపించేదని ఒకసారి పెట్రోల్ బంకులో, చదునైన సిమెంటు మీద చూసేదాకా తెలియలేదు. అక్కడ కింది గీతకు కాస్త పైన ఉంది. పై గీతకూ కింది గీతకూ మధ్య తేడా దాదాపు లీటరు. అంటే అప్పటికే ముప్పావు లీటరు దాకా తక్కువన్నమాట. కడ్డీ అబద్ధం చెప్పలేదు, మా వాకిలి చెప్పింది. ఇప్పుడు 5,000 కిలోమీటర్లకు అర లీటరు పోస్తున్నాను. ఈ వయసు ఇంజన్‌కు అది పెద్ద తప్పేమీ కాదు.

ఇక డబ్బా సంగతి.

ఆదివారం తనిఖీలో రెండో అంకం అది. డబ్బా ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపు పచ్చబడిపోయి, లోపల ఏముందో కనబడదు. వెనక నుంచి ఫోన్ టార్చి వేసి చూడాలి. చూస్తే రెండు గీతల మధ్య పచ్చగా, నిలకడగా ఉండేది. ఏడాది పైగా ఒక్క వెంట్రుకవాసి తగ్గలేదు, పెరగలేదు. ‘చుక్క కూడా తాగదండీ’ అని కూలెంట్ గురించి కూడా గొప్పగా చెప్పుకున్నాను.

ఆ నిలకడే రోగమని నాకేం తెలుసు?

2023 మే నెల. ఒడిశాలోని జయపూర్‌లో పిన్ని కూతురి పెళ్లి. నేను, మా ఆవిడ, అబ్బాయి, అమ్మ, నాలుగు బ్యాగులు, రెండు చీరల సంచులు. రాజాంలో టిఫిన్ చేసి, బొబ్బిలి మీదుగా సాలూరు చేరేసరికి పదకొండు. ఎండ మాడ్చేస్తోంది, ఏసీ ఫుల్లుగా ఉంది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాం. ముందర రాయపూర్ వైపు వెళ్లే లారీలు, నేను రెండో గేరులో వాటి వెనకాల.

మొదట అమ్మే అంది, ‘చల్లగాలి రావట్లేదురా’ అని. ఏసీ గ్యాస్ అయిపోయిందనుకున్నాను. తర్వాత మలుపులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గులకరాళ్లు డబ్బాలో వేసి ఊపినట్టు చప్పుడు. ఆ తర్వాత బెల్లప్పాకంలాంటి తియ్యటి వాసన. ఎక్కడో అరిసెలు వండుతున్నారంది మా ఆవిడ. ఘాట్ రోడ్డు మధ్యలో అరిసెలు ఎవరు వండుతారు?

ఈ కారుకు టెంపరేచర్ ముల్లు లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, మరీ వేడెక్కితే ఎర్ర లైటు. మధ్యలో ఏ కబురూ ఉండదు. ఎర్ర లైటు వెలిగి, నేను దాన్ని చూసి, పక్కకు తీసి ఆపేలోపే బోనెట్ అంచుల్లోంచి ఆవిరి లేచింది.

అంత కంగారులోనూ బోనెట్ ఎత్తి నేను ముందు చూసింది డబ్బానే. నిండుగానే ఉంది. ‘కూలెంట్ ఉంది, ఇంకేదో పోయింది’ అన్నాను ధీమాగా. వెనకాల ఆగిన లారీ డ్రైవరు దిగి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, సాలూరు మనిషి. సాలూరంటే లారీల ఊరు, అక్కడి పిల్లలకు కూడా, కూలెంట్‌ను చల్లార్చే రేడియేటర్ గురించి నాకన్నా ఎక్కువ తెలుస్తుంది. నేను చూపించిన డబ్బా వైపు చూసి నవ్వాడు.

‘డబ్బా నిండుగుంతే రేడేటర్ నిండుగున్నట్టేటి బావూ?’

ఈ మాట పన్నెండేళ్లలో నాకు ఏ సర్వీసు సెంటర్ వాళ్లూ చెప్పలేదు.

రేడియేటర్ మూత మీదకు నా చెయ్యి వెళ్లబోతే ఆపేశాడు. ఆ మూత మీద 0.9 అని అచ్చు ఉంటుంది, అంటే 0.9 బార్ ప్రెషర్. అంత ప్రెషర్ లోపల బిగబట్టడం వల్లే ఉత్త నీళ్లైనా 118 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. ఆ వేడిలో మూత తిప్పితే ప్రెషర్ ఒక్కసారిగా పోయి నీళ్లు భగ్గున మరిగి, ఆవిరితో కలిసి ముఖాన కొడతాయి. ఇది నాకూ తెలుసు. కానీ భయపడ్డ చేతికి తెలిసింది గుర్తుండదు. ఇంజన్ ఆపి, బోనెట్ తెరిచే ఉంచి, గంటసేపు చెట్టు నీడలో కూర్చున్నాం. పైనుంచి చన్నీళ్లు పోద్దామని ఇంకో పెద్దమనిషి సలహా ఇచ్చాడు. మా లారీ డ్రైవరు ఒప్పుకోలేదు, ఇంజన్ పైభాగం, అంటే హెడ్, పగులుతుందన్నాడు.

ఈలోగా జయపూర్ వైపు వెళ్లే బస్సు వచ్చింది. అమ్మ చీరల సంచులు పట్టుకుని లేచింది. ‘మనల్ని పిలిసారు గానీ నీ కారుని పిలవనేదు కదరా’ అని మా ఆవిడనీ అబ్బాయినీ వెంటబెట్టుకుని ఎక్కేసింది. పెళ్లిలో నా కారు గురించే మాట్లాడుకున్నారని తర్వాత తెలిసింది.

చల్లారాక తడి గుడ్డ వేసి మూత తిప్పితే లోపల మెడ దాకా ఖాళీ. తాగడానికి తెచ్చుకున్న నీళ్లు ఇంజన్ నడుస్తుండగా కొంచెం కొంచెంగా పోశాం. మొత్తం నాలుగు లీటర్లు పట్టే చోట రెండున్నర లీటర్లు పట్టింది! పక్కన డబ్బా మాత్రం అలాగే, నిండు కుండలా, తొణక్కుండా ఉంది. పైకి వెళ్లే ఆశ వదులుకుని, ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, చెమటలు కక్కుతూ సాలూరుకు దిగాను. మే నెల మధ్యాహ్నం హీటర్ వేసుకుని కారు నడిపినవాణ్ని మా ఊళ్లో నేనొక్కణ్నే అయ్యుంటాను.

సాలూరులో ఆ డ్రైవరు చెప్పిన షెడ్డుకే వెళ్లాను. మెకానిక్ పది నిమిషాల్లో రెండు చోట్ల వేలు పెట్టి చూపించాడు. ఒకటి, రేడియేటర్ కింది హోస్ క్లిప్పు దగ్గర ఎండిన పచ్చటి చార. చుక్క చుక్కగా కారి, ఇంజన్ వేడికి అక్కడికక్కడే ఎండిపోతోంది కాబట్టి నేల మీద మరక పడలేదు. రెండు, రేడియేటర్ మూత దగ్గర నుంచి డబ్బాకు వెళ్లే చిటికెన వేలంత రబ్బరు పైపు. క్లిప్పు కింద, కంటికి కనబడని చోట, గట్టిపడి చీలిపోయింది.

అసలు మోసం ఈ పైపుదే. కూలెంట్ వేడెక్కి ఉబ్బినప్పుడు ఎక్కువైంది ఈ పైపులోంచి డబ్బాలోకి వెళ్లాలి. చల్లారినప్పుడు రేడియేటర్ దాన్ని మళ్లీ వెనక్కి పీల్చుకోవాలి. పైపు చీలితే పీల్చుకునేది కూలెంట్‌ను కాదు, గాలిని. కింద క్లిప్పు దగ్గర పోయిన ప్రతి చుక్క బదులూ రేడియేటర్‌లో గాలి చేరింది. పోయింది పోయినట్టు నాకు చెప్పాల్సింది డబ్బా. దానికి ఆ కబురే అందలేదు. ఆరోగ్యంగా ఉన్న డబ్బాలో పొద్దున చల్లగా ఉన్నప్పుడు మట్టం కిందికి, తిరిగి వచ్చాక వేలెడు పైకి ఉండాలట. నాది ఏడాదిగా కదలకపోతే నేను మురిసిపోయాను.

ఎర్ర లైటు ఆలస్యం కావడానికి కూడా అదే కారణమన్నాడు. సెన్సరు కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరైన వేడి చెబుతుంది. చుట్టూ గాలే ఉంటే దానికి ఏం తగులుతుంది?

పైపు, క్లిప్పు, కొత్త మూత, కూలీ కలిపి 450 రూపాయలు. నాకు భయం ఇంజన్ గురించి. హెడ్ కింద ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్, పోయి ఉంటే నీళ్లు ఆయిల్‌లో కలిసి కడ్డీ మీద పాలు పోసిన టీలా కనబడుతుంది. మెకానిక్ కడ్డీ తీసి గుడ్డ మీద అద్దాడు. ముదురు తేనె రంగు. ఆయిల్ మూత లోపలి వైపు కూడా మీగడ లేదు. నమ్మకం కుదరక, ఇంటికి వస్తూ బొబ్బిలిలో ఒకసారి, రాజాంలో ఒకసారి ఆపి మళ్లీ చూశాను. ఆ రోజు ఆ కడ్డీ మీద నాకు పుట్టిన ప్రేమ మాటల్లో చెప్పలేను.

వారంలో ఆ నీళ్లన్నీ వదిలేసి కొత్త కూలెంట్ పోయించాను. మా బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది, అదే పొర రేడియేటర్ గొట్టాల్లో కట్టకుండా ఉంటుందా? కాబట్టి కలిపి అమ్మే కూలెంటే కొంటాను, లేదా బ్యాటరీల వాళ్ల దగ్గర దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలుపుతాను. ఎరుపు, పచ్చ అని రంగు చూసి కొనడం మానేశాను. రంగు కంపెనీ ఇష్టం, లోపలి మందు వేరే ఉండొచ్చు. రెండు రకాలు కలిస్తే మడ్డి కట్టే ప్రమాదముంది. వదిలిన పాతది వాకిట్లో పారబోయకండి. తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.

ముల్లు లేని లోటుకు ఫోనుతో కలిసే చిన్న స్కానర్ ముక్క ఒకటి కొని స్టీరింగ్ కింది సాకెట్‌లో పెట్టాను. అందులో ఇంజన్ వేడి మామూలుగా 90 డిగ్రీల దగ్గర తిరుగుతుంది. ఏడు రోడ్ల జంక్షన్‌లో మే నెల మధ్యాహ్నం చిక్కుకుంటే 97 దాకా పోయి, ఫ్యాను తిరిగాక దిగుతుంది. మొదటి నెల రోడ్డుకన్నా ఎక్కువ దాన్నే చూశాను, మా ఆవిడ ఫోను లాక్కుంది. అదీ ఆ సెన్సరు చెప్పేదే చెబుతుంది కాబట్టి దాన్నీ పూర్తిగా నమ్మలేను.

ఇప్పుడు ఆదివారం తనిఖీ మారింది. ఇంజన్ రాత్రంతా చల్లారాక, తెల్లవారి, రేడియేటర్ మూతే తీసి లోపలికి చూస్తాను. మెడ దాకా ఉందా లేదా, అంతే. డబ్బా వైపు కూడా చూస్తాను, పాత పరిచయం కొద్దీ. అది పొద్దునా సాయంత్రం పైకీ కిందకీ ఆడుతోందంటే ఊపిరి ఆడుతోందన్నమాట.

ఇంత తిట్టాక కారు కొనొచ్చా అంటే, నా లెక్క వేరు. నాకు రోజూ పాతిక కిలోమీటర్లు, చదును రోడ్డు, చేతిలో ఆదివారం పొద్దుట పావుగంట. అలాంటి మనిషికి సెకండ్ హ్యాండ్‌లో ఇది ఇప్పటికీ మంచి బండే. నెలకోసారి సాలూరు ఘాట్ ఎక్కేవాళ్లయితే ముల్లున్న కారు చూసుకోమంటాను. కొత్త కార్లలో చాలావాటికి రేడియేటర్ మీద మూతే ఉండదు, ప్రెషర్ డబ్బాలోనే ఉంటుంది. వాటి మీద నా ఫిర్యాదు చెల్లదు, వాటి మూతను వేడి మీద తీయకపోతే చాలు. నేను మార్చనా అంటే, అబ్బాయి ఇంజనీరింగ్ ఫీజులు అయ్యేదాకా ఆ మాట ఎత్తను.

సాలూరు మెకానిక్ ఆ రోజు స్పేరుగా ఇంకో పైపు ముక్క కోసి ఇచ్చాడు. అది అప్పటి నుంచీ గ్లవ్ బాక్సులోనే ఉంది. మొన్న తీసి వంచి చూస్తే అదీ కొంచెం గట్టిపడినట్టే అనిపించింది.