నల్లగొండలో ఇస్లాం శాఖల చరిత్ర పాఠాలు: పునాది గట్టిది, పైకప్పు తొందరపాటుది

నల్లగొండ గడియారం సెంటరుకు దగ్గరలో ఒక అద్దె హాలులో, ఉర్దూ అధ్యాపకులుగా పదవీ విరమణ చేసిన ఒక పెద్దమనిషి ఆదివారం సాయంత్రాలు ఇస్లాం శాఖల పుట్టుపూర్వోత్తరాలపై తెలుగులో పాఠాలు చెబుతున్నారు. ఎనిమిది వారాల కోర్సుకు రుసుము నాలుగు వందల రూపాయలు. ముద్రించిన నోట్సు, మధ్యలో చాయ్ అందులోనే. వచ్చేవారిలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, ఉపాధ్యాయులు, ఒకరిద్దరు విలేకరులు ఉన్నారు. ముస్లింలలో కూడా తమ ఇంటి ఆచారం తెలుసు గాని దాని వెనుక కథ తెలియదని మొదటి రోజే చెప్పినవారు కొందరున్నారు. కోర్సు మొత్తం విన్నాక నాకు తోచింది ఒక్కటే: తొలి యాభై ఏళ్ల చరిత్రను ఎంతో ఓపికగా విప్పి చెప్పిన సారు, మన ఊళ్లలో కళ్లెదుట కనబడే తేడాల దగ్గరికి వచ్చేసరికి గడియారం చూసుకున్నారు.

ముందుగా మెచ్చుకోవలసినవి. క్రీ.శ. 632లో ప్రవక్త ముహమ్మద్ మరణించినప్పుడు తలెత్తిన వివాదం దేవుని గురించో, ఖురాన్ గురించో కాదని, సమాజానికి నాయకుడు ఎవరన్న దాని గురించేనని ఆయన మొదటి తరగతిలోనే తేల్చి చెప్పారు. ఒకవైపు ప్రవక్త అల్లుడు అలీ మొదలైన దగ్గరి బంధువులు అంత్యక్రియల పనిలో ఉండగా, మరోవైపు మదీనాలో బనూ సాయిదా వారి పందిరి కింద అన్సారులు (ప్రవక్తకు ఆశ్రయమిచ్చిన మదీనా వాసులు) సమావేశం కావడం, ప్రవక్త సహచరులు అబూబక్ర్, ఉమర్ అక్కడికి చేరుకోవడం, చివరికి అబూబక్ర్ ఖలీఫాగా, అంటే ప్రవక్త తరువాతి నాయకుడిగా ఎన్నిక కావడం ఆయన వరుస తప్పకుండా వివరించారు. అంతకుముందు గదీర్ ఖుమ్ అనే చోట ప్రవక్త అలీని గురించి పలికిన మాటలను ఇరువర్గాలూ ఒప్పుకుంటాయని, షియాలు దానిని వారసత్వ ప్రకటనగా, సున్నీలు గౌరవ ప్రకటనగా భావిస్తారని చెప్పినప్పుడు హాలులో చాలామంది రాసుకోవడం మొదలుపెట్టారు.

రెండో తరగతి నాకు అన్నిటికంటే నచ్చింది. సారు నల్లబల్ల మీద ప్రవక్త పూర్వీకుడు అబ్ద్ మనాఫ్ పేరు రాసి, కింద రెండు కొమ్మలు గీశారు. హాషిం కొమ్మలో ప్రవక్త, అలీ. అబ్ద్ షమ్స్ కొమ్మలో ఉమయ్యా, ఆ వంశంలోనే మూడో ఖలీఫా ఉస్మాన్, సిరియా గవర్నరు ముఆవియా. 656లో ఉస్మాన్ హత్యకు గురై అలీ ఖలీఫా అయ్యాక, హంతకులను శిక్షించిన తరువాతే ఇతర విషయాలని ముఆవియా ఎందుకు పట్టుబట్టాడో ఆ రెండు గీతలు చూసినవారికి వేరే వ్యాఖ్యానం అవసరం లేకపోయింది. బస్రా దగ్గర జమల్ యుద్ధం, 657లో ముఆవియాతో సిఫ్ఫీన్ యుద్ధం, అక్కడ మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నందుకు అలీ పక్షం నుంచే ఖారిజీలు చీలిపోవడం, 661లో వారిలో ఒకడి చేతిలోనే కూఫాలో అలీ మరణించడం, 680లో అలీ కుమారుడు హుసేన్ ప్రాణాలు కోల్పోయిన కర్బలా – ఇవన్నీ ఆ చెట్టు చుట్టూనే తిరిగాయి. సిఫ్ఫీన్‌లో కత్తులు దూసినవారు నేటి అర్థంలో షియాలూ కారు, సున్నీలూ కారని, ఆ రూపాలు స్థిరపడడానికి ఇంకా రెండు మూడు వందల ఏళ్లు పట్టిందని ఆయన పదేపదే గుర్తుచేశారు. ఇది చాలామంది వక్తలు మరిచిపోయే సంగతి.

మస్కట్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చిన ఒకాయన, అక్కడివారు చేతులు కట్టుకోకుండా నమాజు చేస్తారు కాబట్టి వారు షియాలేనా అని అడిగారు. ఒమాన్‌లో ఇబాదీలు అనే ప్రత్యేక శాఖ ఉందని, ఇతరులు వారిని ఖారిజీల కొమ్మగా చెప్పినా, తమను ఖారిజీలనడం వారికి ఇష్టముండదని, సున్నీలలోనే మాలికీ మజ్హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) వారిలో ఎక్కువమంది చేతులు వదిలే నమాజు చేస్తారని సారు చెప్పిన జవాబు ఒక్కటే సగం రుసుముకు సరిపోతుంది.

ఇక లోపాలు. తాను సున్నీనని ముందే చెప్పుకున్న సారు, షియా వాదాన్ని షియాలు ఒప్పుకునే తీరులోనే వినిపించారు, అది మెచ్చదగినది. అయితే ముఆవియా నిర్ణయాలపై ఒక విద్యార్థిని సూటిగా ప్రశ్నించినప్పుడు, సహాబాల (ప్రవక్త సహచరుల) తగాదాలపై నోరు మెదపవద్దని పెద్దలు చెప్పారంటూ దాటవేశారు. అది సున్నీ సంప్రదాయంలో నిజంగా ఉన్న వైఖరే. విశ్వాసంగా దానిని గౌరవిస్తాను గాని, చరిత్ర పాఠానికి డబ్బు కట్టి కూర్చున్నవారికి జవాబు రావలసిందే.

అసలు అసంతృప్తి చివరి తరగతితోనే. 1866లో మొదలైన దేవ్‌బంద్ మదర్సా, అహ్మద్ రజా ఖాన్ అనుయాయులైన బరేల్వీలు, ఏ మజ్హబ్‌నూ అనుసరించని అహ్లె హదీస్ వారు – అందరినీ ఒక్క గంటలో కుక్కేశారు. దేవ్‌బందీలు, బరేల్వీలు ఇద్దరూ హనఫీ మజ్హబ్ సున్నీలే. వారి వాదమంతా దర్గాలు, ఫాతిహాలు (చనిపోయినవారి పేర చేసే ప్రార్థనలు), మీలాద్ (ప్రవక్త జయంతి) వేడుకల చుట్టూ నడుస్తుంది. లతీఫ్ సాహెబ్ గుట్ట మీది దర్గా ఉర్సుకు వెళ్లాలా వద్దా అని ఇళ్లలో వాదించుకునే ఈ పట్టణంలో, సిఫ్ఫీన్ కంటే ఈ సంగతికే ఎక్కువ సమయం దక్కవలసింది. పీర్ల పండుగ ఊసే రాలేదు. గోల్కొండ నేలిన కుతుబ్‌షాహీలు షియాలు. 1687లో వారి రాజ్యం మొగలుల పాలైనా, వారు పోషించిన మొహర్రం ఆచారం సున్నీ నిజాంల కాలంలోనూ కొనసాగింది. నేటికీ నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఊదు వేసి, మలీద పంచి పీర్లను ఎత్తుకునేవారిలో షియాలు దాదాపు కనబడరు; సున్నీలూ హిందువులూ ఉంటారు. దీనిని ఏ శాఖ లెక్కలో వేయాలన్న ప్రశ్నకే ఒక వారం పట్టేది. సయ్యద్ ముహమ్మద్ జౌన్‌పురీని మహదీగా నమ్మేవారు, హైదరాబాదుకు బహదూర్ యార్ జంగ్ వంటి నాయకుణ్ణి ఇచ్చినవారు అయిన మహదవీల పేరైనా వినబడలేదు.

నోట్సులో కొన్ని సంవత్సరాలు హిజ్రీలో (క్రీ.శ. 622 నుంచి లెక్కించే ఇస్లామీ శకంలో), కొన్ని క్రీస్తు శకంలో, ఏది ఏదో చెప్పకుండా అచ్చయ్యాయి. కర్బలా 61 అని, ఇరాన్‌లో సఫవీల రాజ్యం 1501 అని పక్కపక్కనే చూసిన విద్యార్థి రెంటి మధ్య పద్నాలుగు వందల ఏళ్లు లెక్కేసుకునే ప్రమాదం ఉంది.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు, ముఖ్యంగా ఉపాధ్యాయులు, నాలుగు వందలు ధైర్యంగా కట్టవచ్చు. నా లెక్కన అయిదుకు మూడున్నర మార్కులు. వచ్చే విడతలో భారతదేశానికి రెండు వారాలు కేటాయిస్తే మరో అర మార్కు కలుపుతాను. హాలు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్నవారు ముందే విచారించుకుని వెళ్లడం మంచిది.