చక్రం దగ్గర సన్నటి హోరు: బేరింగా, టైరా?

పోర్షే 911 లాంటి కారులో వేగం పెరిగేకొద్దీ సన్నగా హోరు వినిపిస్తే చాలామంది బేరింగ్ (చక్రం తేలిగ్గా తిరిగేలా దాని మధ్యలో ఉండే భాగం) మార్చేయమంటారు, నేనైతే మొదట టైరునే అనుమానిస్తాను. టైరు మోత రోడ్డును బట్టి మారుతుంది, నున్నటి తారు మీద తగ్గి గరుకు కాంక్రీటు మీద పెరుగుతుంది. మోత టైరుదైతే, ట్రెడ్ మీద, అంటే రోడ్డును తాకే గాళ్ల భాగం మీద, అరచేత్తో ముందుకీ వెనక్కీ నిమిరితే ఒకవైపు రంపం పళ్లలా గీసుకుంటుంది. బేరింగ్ మోత మాత్రం బరువును బట్టి మారుతుంది. ఎడమకి తిరిగేటప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది కాబట్టి అప్పుడు హోరు పెరిగితే కుడివైపు చూడాలి. మామూలు కారులో ముందు టైర్లు వెనక్కి మార్చి, మోత కూడా వాటితో వెళ్తుందేమో చూసి తేల్చేయొచ్చు, 911లో వెనక టైర్లు వెడల్పు, ఆ దారి లేదు. కారును జాక్ స్టాండ్ల మీద నిలబెట్టి, న్యూట్రల్‌లో పెట్టి, ఆ చక్రం దగ్గరి సస్పెన్షన్ స్ప్రింగ్ మీద ఒక చెయ్యి వేసి చక్రం తిప్పండి. బేరింగ్ పోయుంటే చాలాసార్లు వేళ్లకే గరగర తెలిసిపోతుంది.