పాత ఆక్టావియా ఉన్నవాళ్లు జాగ్రత్త: ఆ ‘ఫుల్ వెర్షన్’ కేబుల్ కొనకండి

నాది 2004 స్కోడా ఆక్టావియా, 1.9 టీడీఐ. రెండు నెలల కిందట ఏబీఎస్ లైటు వెలిగి, ఇక ఆరలేదు. అప్పట్లో డీలర్ల దగ్గర బండిలోని లోపాల కోడ్‌లు చదవడానికి వీఏఎస్ 5051 అని పెద్ద మిషన్ ఉండేది. ఇప్పుడు దాని గురించి మా వీధి మెకానిక్‌ని అడిగితే నవ్వాడు.

ముందు 600 పెట్టి, బండికి తగిలించి ఫోన్‌లో కోడ్‌లు చదివే ఈఎల్ఎమ్327 బ్లూటూత్ డాంగిల్ కొన్నాను. అక్కడ తప్పు నాదే. ఈ బండ్లలో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లాంటివి కేడబ్ల్యూపీ1281 అనే పాత ప్రోటోకాల్‌లో మాట్లాడతాయి, ఆ డాంగిల్‌లోని చిప్‌కి అది రాదు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. వీసీడీఎస్ అంటే ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్ల లోపాలు చదివే రాస్‌టెక్ కంపెనీ సాఫ్ట్‌వేర్. ‘వీసీడీఎస్ ఫుల్ వెర్షన్, లైఫ్‌టైమ్’ అంటూ ఆన్‌లైన్‌లో ఒకతను అమ్ముతుంటే 2,800 పెట్టి తెప్పించాను. కేబుల్‌తో పాటు ఒక సీడీ, చిన్న చీటీ వచ్చాయి. చీటీ మీద రెండే మాటలు: యాంటీవైరస్ ఆపండి, నెట్ ఆన్ చేయకండి. అది చదివాకైనా ఆగాల్సింది. ఆగలేదు. మూడో రోజు లాప్‌టాప్ ఇంట్లో వైఫైకి తనంతట తానే కనెక్ట్ అయింది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అడిగితే అలవాటుగా ఓకే కొట్టేశాను. అంతే, ఆ తర్వాత ఏ పోర్ట్‌లో పెట్టినా ‘ఇంటర్‌ఫేస్ నాట్ ఫౌండ్’. పైగా బ్రౌజర్ తెరిస్తే ఏవేవో యాడ్ల పేజీలు. లాప్‌టాప్ ఫార్మాట్ చేయాల్సి వచ్చింది. రిటర్న్ అడిగితే “నెట్ మీరే ఆన్ చేశారు సార్, వారంటీ లేదు” అన్నాడు.

నాకు అంటగట్టింది డూప్లికేట్ కేబుల్ అన్నమాట. డూప్లికేట్ చిప్‌ల బాధ కొత్తది కాదు లెండి. 2014లో యూఎస్‌బీ కేబుళ్ల చిప్‌లు చేసే ఎఫ్‌టీడీఐ కంపెనీ డ్రైవర్ అప్‌డేట్ ఒకటి వచ్చి నకిలీ చిప్‌లున్న కేబుళ్లను ఉన్నపళంగా పనికిరాకుండా చేసింది.

చివరికి పని జరిగింది మా ఫ్రెండ్ దగ్గరున్న మామూలు కేకేఎల్ కేబుల్‌తో (లాప్‌టాప్ యూఎస్‌బీని పాత బండ్ల డయాగ్నస్టిక్ పోర్ట్‌కి కలిపేది). రాస్‌టెక్ సైట్‌లో ‘వీసీడీఎస్ లైట్’ ఉచితంగా దొరుకుతుంది, సుమారు 2006 వరకు వచ్చిన బండ్లకు పనికొస్తుంది. విండోస్ డివైస్ మేనేజర్‌లో ఆ కేబుల్‌కి ఇచ్చిన కామ్ పోర్ట్ నంబర్‌ని 1 నుంచి 4 లోపు మార్చుకోవాలి, లేకపోతే కేబుల్ బాగానే ఉన్నా దొరకదు. నేను అరగంట తలబాదుకున్నది అక్కడే. డబ్బు కట్టకపోతే కోడ్ నంబర్ మాత్రమే చూపిస్తుంది, అర్థం మనం వెతుక్కోవాలి. బయటి స్టీరియో పెట్టించి ఉంటే ముందు దాని వైరింగ్ చూడండి, కొన్నిసార్లు అదే కే-లైన్‌ని, అంటే కేబుల్ బండితో మాట్లాడే వైరుని, చెడగొడుతుంది.

నా బండికి వచ్చిన కోడ్ 00283, అంటే ముందు ఎడమ చక్రం సెన్సర్. చక్రం విప్పి చూస్తే ఎలుక కొరికిన వైరు.