మినెసోటా చలిలో ఫ్లోర్ హీటింగ్: ఎక్కడ పెట్టించుకోవాలి, ఎక్కడ అక్కర్లేదు

అమెరికాలో మినియాపొలిస్ పక్కన మేపుల్ గ్రోవ్‌లో 2018లో ఇల్లు కట్టించుకున్నప్పుడు రెండు చోట్ల ఫ్లోర్ హీటింగ్ పెట్టించాం. బేస్‌మెంట్ (భూమిలోపలి అంతస్తు) నేల స్లాబులో వేడినీళ్ల పైపులు, పైన మాస్టర్ బాత్రూమ్ టైల్స్ కింద కరెంటుతో వేడెక్కే తీగల మ్యాట్. మిగతా ఇల్లంతా అందరిలాగే గాలిని వేడిచేసే గ్యాస్ ఫర్నెస్, ఆ గాలిని గదులకి చేర్చే డక్టులు. ఇక్కడ కొత్తగా ఇల్లు కట్టించుకునే మనవాళ్లు ఎవరు కలిసినా ముందు అడిగేది బిల్లు తగ్గుతుందా అనే. తగ్గదనుకునే పెట్టించుకోండి. పెట్టిన ఖర్చు బిల్లులో వెనక్కి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. సుఖం కోసం పెట్టించుకునేది ఇది, ఆ సుఖం మాత్రం నిజం.

బేస్‌మెంట్ సంగతి ఈ ఊళ్లో ఉండేవాళ్లకి తెలిసిందే. డక్టులు పైకప్పులో ఉంటాయి, వేడిగాలి అక్కడి నుంచి వచ్చి అక్కడే తచ్చాడుతుంది. గది వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ 70 ఫారెన్‌హీట్ (21 సెల్సియస్) అని చూపిస్తుంటుంది, కాళ్లు మాత్రం గడ్డకట్టుకుపోతుంటాయి. మా బేస్‌మెంట్‌లో ఆ బాధ లేదు. మా చిన్నది పుట్టినప్పుడు అమ్మ గుంటూరు నుంచి నవంబరులో వచ్చి చలికాలమంతా ఉంది. పొద్దున టిఫిన్ అవగానే కూరగాయలు, కత్తిపీట తీసుకుని కిందకి దిగిపోయేది. కాళ్లు చాపుకుని నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ, "పైన రెండు స్వెట్టర్లు వేసుకున్నా కాళ్లు జివ్వుమంటున్నాయిరా, నాకిక్కడే హాయిగా ఉంది" అనేది. నేల మీద కూర్చునే అలవాటున్న ఇంటికి ఇది సోఫాల ఇంటికంటే రెండింతలు పనికొస్తుంది.

ఇంకో లాభం ఏ అమ్మకందారూ చెప్పడు. జనవరిలో దోసెల పిండి పులవక అవెన్‌లో లైటు వేసి పెట్టే బాధ పోయింది. రాత్రి గిన్నె మీద మూత పెట్టి బేస్‌మెంట్ బాత్రూమ్ టైల్స్ మీద ఉంచితే, పొద్దున్నకి పిండి మూత దాకా పొంగి ఉంటుంది. కింద ఒక పళ్లెం పెట్టడం మరిచిపోకండి. పెరుగు తోడుకోవడానికీ ఆ మూలే.

మొదటిసారి చూసేవాళ్లు చెయ్యి ఆనించి "ఇదేంటి, వేడిగా లేదే!" అంటారు. ఉండకూడదు. నేల పైన 85 ఫారెన్‌హీట్ (29 సెల్సియస్) దాటనివ్వకూడదు, దాటితే అరికాళ్లు చెమటలు పడతాయి. మామూలు రోజుల్లో మా నేల 78, 80 మధ్య ఉంటుంది. పైపుల్లో నీళ్లు కూడా 100 ఫారెన్‌హీట్ (38 సెల్సియస్) లోపే. అంటే స్నానం నీళ్లంత వేడి, అంతే. నేలంతా కలిసి మెల్లగా వేడి ఇస్తుంది కాబట్టి గదిలో గాలి 68 ఉన్నా చలి అనిపించదు. కట్టిన కొత్తలోనే, 2019 జనవరి 30న పోలార్ వోర్టెక్స్ (ఉత్తర ధ్రువం నుంచి దిగే చలిగాలి) వచ్చి ఇక్కడ మైనస్ 28 ఫారెన్‌హీట్‌కి (మైనస్ 33 సెల్సియస్) పడిపోయింది. పైన ఫర్నెస్ ఆగకుండా తిరుగుతూనే ఉంది, కిటికీల దగ్గర కూర్చోలేకపోయాం. ఇంటిల్లిపాదీ కింద పరుపులు వేసుకుని పడుకున్నాం. పరుపుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. వేడినీళ్ల నేల మీద అయితే పరుపు కింద కాస్త ఉక్కగా ఉంటుంది, పెద్ద ప్రమాదం లేదు. కరెంటు మ్యాట్ ఉన్న నేల మీద మాత్రం పరుపులు, దట్టమైన కుషన్లు వేయకూడదు. వేడి బయటకి పోలేక కింద పేరుకుంటుంది, మ్యాట్‌తో వచ్చే పుస్తకంలోనూ ఇదే రాసి ఉంటుంది.

ఇక అసలు డబ్బు పెట్టాల్సింది పైపుల మీద కాదు, వాటి కింద. స్లాబు పోయకముందు మట్టికీ కాంక్రీటుకీ మధ్య 2 అంగుళాల ఫోమ్ బోర్డులు పరచాలి, అంచుల్లో నిలువుగా కూడా పెట్టాలి. మా కాంట్రాక్టర్ అంచుల్లో పెడితే చాలు, మధ్యలో దండగ అన్నాడు. "వేడి పైకే పోతుంది కదా" అని ఆయన వాదన. పైకి పోయేది వేడెక్కిన గాలి. గట్టి వస్తువులో వేడి చల్లగా ఉన్న వైపుకి పోతుంది, అది కిందయినా పక్కయినా. ఫోమ్ లేకపోతే గ్యాస్ డబ్బులతో మినెసోటా మట్టిని వెచ్చబెట్టుకుంటూ కూర్చోవాలి. పట్టుబట్టి మొత్తం వేయించాం. స్లాబు పోశాక ఈ పని ఎవడూ చేయలేడు, పైపుల్లోకి నీళ్లు వేడిచేసే బాయిలర్ అయితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

బాయిలర్ విషయంలో ఒక్క ముక్క. గదికో థర్మోస్టాట్ పెట్టిస్తామని ఊరిస్తారు. చిన్న గది ఒక్కటే వేడి అడిగినప్పుడు, బాయిలర్ తన మంటని ఎంత తగ్గించుకున్నా అది ఆ గదికి ఎక్కువే అవుతుంది. దాంతో వెలగడం, నిమిషాల్లో ఆరిపోవడం, మళ్లీ వెలగడం. మిషన్ ఆయుష్షు తగ్గుతుంది. మేం బేస్‌మెంట్ మొత్తాన్నీ ఒకే జోన్‌గా, ఒకే థర్మోస్టాట్ కింద ఉంచాం, టెన్షన్ లేదు. కండెన్సింగ్ బాయిలర్ తీసుకుంటే ఫ్లోర్ హీటింగ్‌కి బాగా నప్పుతుంది. తిరిగొచ్చే నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి పొగలోని ఆవిరి నీరై, ఆ వేడి కూడా మనకే దక్కుతుంది.

పైపు లీకైతే ఎలా అన్నది అందరి భయం. భయానికి కారణం లేకపోలేదు. 1940ల చివర్లో న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్‌లో వేల ఇళ్లకి స్లాబుల్లో రాగి గొట్టాలు వేశారు, కాలం గడిచాక అవి తుప్పుపట్టి కారడం మొదలెట్టాయి. ఇప్పుడు వేసేది పెక్స్ అనే ప్లాస్టిక్ పైపు. మానిఫోల్డ్ (నీళ్లని ఒక్కో పైపుకీ పంచే గొట్టం) దగ్గర బయల్దేరి నేలంతా చుట్టి మళ్లీ మానిఫోల్డ్‌కే వస్తుంది, కాంక్రీటులో ఎక్కడా అతుకు ఉండకూడదు. మా ఇంట్లో ఒక్కో చుట్టు 300 అడుగుల లోపు. కాంక్రీటు పోస్తున్నంతసేపూ పైపుల్లో గాలి నింపి గేజ్ పెట్టి ఉంచారు. పారో బూటో తగిలి పైపు చిల్లుపడితే ముల్లు పడిపోతుంది, అప్పటికప్పుడు తెలిసిపోతుంది. మీరు చేయాల్సింది పోసే ముందు రోజు కొలత టేపు పక్కన పెట్టి ఫొటోలు తీసుకోవడం. తర్వాత గోడలు కట్టడానికి వచ్చినవాళ్లు నేలలోకి మేకులు కొట్టబోయారు. ఫొటోలు చూపించి జరిపించాం. ఒక మూల ఫొటోలో సరిగ్గా పడలేదు, అక్కడ నేల తడిపి హీటింగ్ ఆన్ చేశాం. పైపు ఉన్నచోట ముందు ఆరుతుంది, గీతల్లా కనిపిస్తుంది. చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకుని పని కానిచ్చారు.

బాత్రూమ్‌లో కరెంటు మ్యాట్ కథ చాలా సులువు. చదరపు అడుగుకి 12 వాట్లు, మాకు 50 చదరపు అడుగులు, అంటే 600 వాట్లు. పొద్దున రెండు గంటలు, రాత్రి రెండు గంటలు టైమర్. యూనిట్ 15 సెంట్ల లెక్కన నెలకి పదకొండు డాలర్లు మించదు. నేల వేడిని కొలిచే సెన్సార్ తీగ టైల్స్ కింద ఉంటుంది, చెడిపోయేది అదే. మా ఎలక్ట్రీషియన్ తెలివిగలవాడు, పక్కనే ఇంకో సెన్సార్ కూడా పాతిపెట్టి తీగ చివర థర్మోస్టాట్ డబ్బాలో వదిలాడు. రెండో ఏడాదే మొదటిది పోయి స్క్రీన్ మీద ఎర్రర్ వచ్చింది. బ్రేకర్ ఆపి తీగ మార్చేసరికి బాగైపోయింది. ఆ రెండోది లేకపోతే టైల్స్ పగలగొట్టే పని పడేది.

నచ్చనివి కూడా ఉన్నాయి. స్లాబు మందపాటి ఇనప పెనం లాంటిది, వేడెక్కడానికి పూట పడుతుంది, చల్లారడానికి ఇంకో పూట. ఊరెళ్లేటప్పుడు తగ్గించి వచ్చాక పెంచుదాం అంటే కుదరదు, తిరిగొచ్చిన రాత్రంతా వణకాలి. ఏప్రిల్‌లో మరీ చికాకు. రాత్రి మంచు, మధ్యాహ్నం ఎండ. నేల రాత్రి వేడిని పట్టుకుని కూర్చుంటుంది, కిటికీలోంచి ఎండ పడుతుంది, గది ఉడికిపోతుంది. బయటి చలిని బట్టి నీళ్ల వేడిని మార్చే కంట్రోలర్ పెట్టించాక కొంత నయం, పూర్తిగా పోలేదు. గాలి పొడిబారదని కూడా అంటారు. బయటి చలిగాలి లోపలికి వచ్చి వేడెక్కితే తేమ శాతం ఎలాగూ పడిపోతుంది. నేల వెచ్చగా ఉన్నంత మాత్రాన పెదాలు పగలడం ఆగలేదు, గాలికి తేమ ఇచ్చే హ్యూమిడిఫయర్ వాడుతూనే ఉన్నాం.

పై అంతస్తులకి కూడా వేయించుకోమని ఇంకో కంపెనీవాళ్లు కొటేషన్ ఇచ్చారు. వద్దన్నాం. వేసవిలో ఏసీ కావాలి కాబట్టి డక్టులు ఎలాగూ ఉండాల్సిందే. రెండు వ్యవస్థలకీ డబ్బు పోసి, బెడ్‌రూముల్లో దాని మీద మళ్లీ దట్టమైన కార్పెట్ వేసి వేడిని ఆపుకోవడం ఎందుకు? డాలస్‌లో ఇల్లు కడుతున్న మా తమ్ముడు తనకీ కావాలన్నాడు. మీ ఊరి కొద్దిపాటి చలికి బాత్రూమ్‌లో మ్యాట్ ఒకటి వేయించుకో, రెండో సెన్సార్ పాతమని మాత్రం ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పు అన్నాను.