కొంగున ముడేసిన చెవి మిషన్

అమ్మని దుర్గమ్మ దర్శనానికి తీసుకెళ్లి రెండు రోజులు బెజవాడలో, ఒక పూట గుంటూరులో గడిపి వచ్చాం. గాంధీనగర్‌లో దిగిన లాడ్జి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వేడినీళ్లు వచ్చాయి, లిఫ్ట్ పనిచేసింది. చెప్పాల్సింది భోజనాల సంగతే.

మొదటి రోజు కొండ దిగి బెంజి సర్కిల్ వైపు ఒక ఏసీ హోటల్‌కి వెళ్లాం. ముద్దపప్పు, గోంగూర, కందిపొడి, వంక పెట్టడానికి లేదు. కానీ కింద గ్రానైట్, గోడలకి టైల్స్, ఎదురుగా నిలువుటద్దాలు. శబ్దాన్ని పీల్చుకోవడానికి ఒక్క గుడ్డ పరదా అయినా లేదు. గ్లాసుల ట్రే దించితే హాలంతా మోగింది. రెండు టీవీల్లో రెండు ఛానళ్లు. పక్కవాళ్లు గొంతు పెంచితే మనమూ పెంచుతాం కదా, అందరం అరుచుకుంటూనే తిన్నాం. అమ్మది పాత రకం చెవి మిషన్. మాటనీ గిన్నెల మోతనీ కలిపి పెంచేస్తుంది. సాంబారు వచ్చేలోపే దాన్ని తీసి కొంగున ముడేసుకుంది. ఇక ఏమడిగినా తల ఊపడమే.

నాది లైట్ల షాపు, ఎక్కడికెళ్లినా కళ్లు పైకే పోతాయి. వరసగా 6500 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత) తెల్ల ప్యానెళ్లు. ఆఫీసుకైతే సరే, వాటి కింద ఆవకాయ కూడా పాలిపోయి కనిపించింది. పసుపు వెలుగిచ్చే 3000 కెల్విన్‌వి పెడితే పోయేదేముంది? ఏసీ గాలి నేరుగా ఆకు మీదకే, నెయ్యి పేరుకుపోయింది. పెరుగు కలుపుతుండగా వెనక నిలబడ్డ ఒకాయన చేతిసంచీ మా బల్ల మీద పెట్టేశాడు. ఆయన్నేమనగలం? బయట నాలుగు కుర్చీలేసి పేర్లు రాసుకుంటే ఆ గొడవే ఉండదు. టీవీల సౌండ్ తగ్గించమంటే, "ఓనరుగారు పెట్టించారండీ" అన్నాడు మేనేజర్.

మర్నాడు ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలకి వెళ్లాం. అనంతపద్మనాభస్వామి పై అంతస్తులో ఉంటాడు. అమ్మ మెట్లెక్కలేక కిందినుంచే దణ్ణం పెట్టుకుంది.

మధ్యాహ్నానికి గుంటూరు, బ్రాడీపేటలో ఒక పాత పెంకుటింటి మెస్. ఏసీ లేదు, చెమట పట్టింది, కారు పెట్టుకోవడానికి రెండు సందులు తిరిగాం. అయినా ఉన్నవి ఎనిమిది బల్లలే, మధ్యలో మనిషి ఒంటికి తగలకుండా నడిచేంత జాగా. చేతులు కడుక్కునే చోటు పెరట్లో, వంటిల్లు ఇంకా వెనక. పోపు ఘాటుకి దగ్గు రాలేదు. ఎదురుచూసేవాళ్లకి అరుగు మీద చాప, మంచినీళ్ల కుండ. టీవీ మేకు గోడకుంది, టీవీ లేదు.

ఎవరూ చెప్పకుండానే అమ్మ కొంగుముడి విప్పి మిషన్ పెట్టుకుంది. వడ్డించే కుర్రాడు, "మామ్మగారూ, గోంగూర వెయ్యమంటారా?" అన్నాడు.

"వెయ్యి నాయనా," అంది. "నిన్న కూడా వేశారట."